రెండు నుంచి ఎనిమిది దాకా

రాత్రి తొమ్మిది. పెదవాల్తేరులో సముద్రపు గాలి
తడిబట్టలా కిటికీకి అంటుకుని ఉంది.
గుంట చూస్తున్న పాఠంలో లెక్కల మేష్టారి నోరు
తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఆగిపోయింది.

రౌటర్ పేజీ తెరిచాను.
జాబితాలో పదిహేడు.
మేం ముగ్గురం.
నా ఫోనూ, ఆయన ఫోనూ, గుంట ట్యాబూ, టీవీ,
మేడ మీద కెమెరా. లెక్కకి ఒక చెయ్యి సరిపోయింది.
మిగతా పన్నెండూ ఎవరివి?
కొన్నిటికి పేర్లే లేవు.
ఒకటి చిన్నమ్మడు. ఒకటి గంగరాజు డీజే.

వచ్చిన ప్రతిదానికీ ఒక నంబరిస్తుంది రౌటరు,
ఇరవైనాలుగు గంటల అద్దెకి.
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి:
అంతవరకూ వీధి పేరు. చివరిది గది నంబరు.
రెండు నుంచి రెండువందల యాభై నాలుగు దాకా గదులే గదులు.
ఇంత సత్రానికి తాళాలు నా చేతిలో ఉన్నాయని
ఆ రాత్రి దాకా నాకు తెలీదు.

చివరి అంకె చెరిపి ఎనిమిది అని కొట్టాను.
ఏడు గదులు. మాకు ఐదు, చుట్టాలొస్తే రెండు.
సేవ్.
పచ్చదీపాలన్నీ ఒక్కసారి ఆరి
తెల్లారగట్ల హార్బర్లోకి తిరిగొచ్చే బోట్లలా
ఒక్కొక్కటే వెలిగాయి.
అబద్ధమెందుకు, బాగుంది.
గేటు దగ్గరే ఆపెయ్యడంలో ఇంత హాయి ఉంటుందా అనిపించింది.

ఆ హాయి నేను వేరే మొహాల్లో చూశాను.
ఆరేళ్ల కిందట లాసన్స్ బే కాలనీలో
'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అట్టముక్క గేటుకి ఊగుతుండగానే
"మీరేవిట్లమ్మా?" అని అడిగి
"అయ్యో, నిన్ననే ఇచ్చేశాం" అంది ఒకావిడ.
ఇంకో ఇంట్లో మైలపల్లి అని ఇంటిపేరు చెప్పగానే
పెద్దాయన ముక్కు కొంచెం కదిలింది,
నా సంచిలో ఉన్నవి ఆడిట్ కాగితాలే అయినా.
మా అమ్మ చేపల బుట్ట దించి పదేళ్లయింది.
వాసన మాత్రం ఇంటిపేరులో ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఐదింటికి వచ్చింది.
నేను ఆఫీసు నించి వచ్చేసరికి ఏడు.
గుమ్మంలో ఫోను తిరుగుతోంది, తిరుగుతోంది,
ఐపీ అడ్రస్ దొరకలేదంది.
నా ఇంట్లో. నా బిల్లు మీద.
ముందొచ్చినవాళ్లు ముందే సర్దుకున్నారు.
రౌటరుకి ఇంటిపేర్లు తెలీవు,
ఎవరు ముందు తలుపు కొడితే వాళ్లదే గది.

మెట్ల కింద నవ్వు వినిపించింది.
మోటారు గదిలో ఉంటూ మెట్లు కడిగే చిన్నమ్మడు
గోనెపట్టా మీద కూచుని ఉంది.
తెరలో ఉప్పుకి నల్లబడ్డ మొహం,
వెరావల్ రేవులో వల చిక్కులు తీస్తున్న మొగుడు.
"రాతిరి ఏటయిపోనావే? ఎంత కొట్టినా తగల్లేదు" అంటున్నాడు.
నన్ను చూసి ఫోను కొంగులో దాచింది.
"పాప సెప్పిందమ్మా పాస్‌వర్డు..."
పండుగప్ప, తరవాత ఒకటీ రెండూ మూడూ.
మా గుంటకి దాపరికం రాదు.

పైకెళ్లి ముందు నా ఫోనుకి ఒక నంబరు
నా పేరున రాసి పెట్టుకున్నాను.
అది ఎవరికీ ఇవ్వను.
మంచిదాన్నని చెప్పుకోడానికి రాయడం లేదిది.
ఆ తరవాత చివరి అంకె దగ్గర చాలాసేపు ఆగాను.
పదహారు కొట్టాను. ఇరవై. మళ్లీ పద్దెనిమిది.
గంగరాజు డీజే ఎవడో ఇంకా తెలీదు.
వాడు పాటలు దించుకుంటున్నంతసేపూ
లెక్కల మేష్టారు నోరు తెరుచుకునే ఉంటాడు.

కింద చిన్నమ్మడు మళ్లీ నవ్వింది,
ఈసారి మెల్లగా,
నాకు వినపడకూడదన్నట్టు.